రెండు చేతుల ఆట



నాలుగున్నర కిలోల బంతి. దాని ముందు ఏడాదిన్నర పిల్లవాడు. ఒక్క చేత్తో ఆ బంతిని కదిలించగలడా? కదిలించలేడు. రెండు చేతులూ వేశాడు. బలమంతా పెట్టి తోశాడు. బంతి కదిలింది.

ఆ పిల్లవాడి పేరు జేసన్ బెల్మాంటే. ఆస్ట్రేలియాలో ఆరెంజ్ అనే ఊరు వాళ్ళది. 1983లో పుట్టాడు. అతని అమ్మానాన్నలకు ఆ ఊళ్ళో ఒక బౌలింగ్ హాలు ఉండేది. బౌలింగ్ అంటే క్రికెట్‌లో బౌలింగ్ కాదండీ. టెన్‌పిన్ బౌలింగ్. నున్నటి చెక్కల బాట మీద బరువైన బంతిని దొర్లిస్తారు. బాట చివర పది పిన్నులు నిలబడి ఉంటాయి. సీసా ఆకారంలో, మోకాలి కన్నా కాస్త తక్కువ ఎత్తులో. వాటిని పడగొట్టాలి. అంతే ఆట. బెంగళూరు మాల్స్‌లో, హైదరాబాదు మాల్స్‌లో మీలో కొందరు చూసే ఉంటారు. చూడకపోయినా ఫరవాలేదు. వింటూ ఉండండి, చెబుతాను.

ఆ పిల్లవాడు పెరిగాడు. బంతి బరువూ పెరిగింది. కానీ రెండో చెయ్యి మాత్రం తియ్యలేదు. పెద్దవాడివయ్యావు, ఇక పద్ధతిగా ఒక్క చేత్తో వెయ్యమని చాలామంది చెప్పి చూశారు. వినలేదు. పెరిగి పెద్దయి అమెరికా వెళ్ళాడు. అక్కడి ప్రొఫెషనల్ బౌలర్ల మధ్య నిలబడి, చిన్నప్పుడు వేసినట్టే రెండు చేతులతో వేశాడు. ఆ ఆటలో అన్నింటికన్నా పెద్ద టోర్నీలను మేజర్లు అంటారు. మగవాళ్ళ మేజర్లలో పాత రికార్డు పది. ఎర్ల్ ఆంథొనీ, పీట్ వెబర్ అనే ఇద్దరు మహామహుల పేరు మీద ఉండేది. 2019లో బెల్మాంటే ఆ పదిని దాటాడు. తర్వాత 15 దాకా వెళ్ళాడు. మళ్ళీ చెబుతున్నాను. పాత రికార్డు పది, ఇతనివి 15. అదీ, అందరూ తప్పు అన్న పద్ధతిలో.

సరే, అనంతపురంలో కూర్చుని ఈ ఆస్ట్రేలియా కబుర్లేమిటి అని మీకు అనిపించవచ్చు. వాన ఎప్పుడొస్తుంది, చెనిక్కాయ ధర ఎంత పలుకుతోంది అని చూసుకునే నేల మనది. దేశంలో జైసల్మేరు తర్వాత అతి తక్కువ వాన పడేది ఇక్కడేనని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. అయినా కారణం ఉంది. ఈ రెండు చేతుల కథకు మన ఊళ్ళో ఒక చిరునామా ఉంది. అక్కడికి వస్తాను. ముందు ఆ బంతి సంగతి కాస్త చూద్దాం.

బౌలింగ్ బంతికి మామూలుగా మూడు రంధ్రాలుంటాయి. ఒకదాంట్లో బొటనవేలు. మిగతా రెండింట్లో నడిమివేలు, ఉంగరపువేలు. ఆ మూడు వేళ్ళ మీద బంతి వేలాడుతుంది. చెయ్యి వెనక్కి ఊపి, ముందుకు తెచ్చి, వదిలిపెట్టాలి. పెద్దవాళ్ళు వాడే బంతి ఏడు కిలోల దాకా ఉంటుంది. ఏడు కిలోలు, ఒక్క చెయ్యి. కొన్ని తరాలుగా ఆట ఇలాగే సాగింది.

రెండు చేతుల వాళ్ళు ఏం చేస్తారు? బొటనవేలు రంధ్రంలో పెట్టరు. రెండు వేళ్ళు మాత్రమే పెడతారు. బంతిని అరచేతికీ ముంజేతికీ ఆనించి పట్టుకుంటారు. మరి జారిపోదా? జారిపోకుండా రెండో చెయ్యి పైనుంచి కాస్తుంది. వెనక్కి ఊపేటప్పుడూ, ముందుకు తెచ్చేటప్పుడూ ఆ చెయ్యి బంతిని వదలదు. బంతి చేతి నుంచి జారే ముందు, ఆఖరి క్షణంలో పక్కకు తప్పుకుంటుంది. అంటే చివరికి బంతిని వదిలేది ఒక్క చెయ్యే. రెండోది దారంతా తోడు వస్తుంది, గమ్యం దగ్గర తప్పుకుంటుంది.

దీనివల్ల లాభమేమిటి? ఇక్కడ కొంచెం శ్రద్ధగా వినండి. ఆట రహస్యమంతా ఇక్కడే ఉంది.

ఆ చెక్కబాట పొడవు గీత దగ్గర్నుంచి మొదటి పిన్ను దాకా 60 అడుగులు. దాని మీద నూనె పూస్తారు. అవును, నూనే. బాట చివరి భాగంలో మాత్రం నూనె ఉండదు. గట్టిగా తిప్పి వదిలిన బంతి నూనె మీద తిరుగుతూనే జారిపోతుంది. పొడి చెక్క తగలగానే పట్టు దొరుకుతుంది. ఒక్కసారిగా లోపలికి మళ్ళుతుంది. క్రికెట్‌లో షేన్ వార్న్ బంతిని గుర్తు చేసుకోండి, పిచ్ మీద పడ్డాక ఎంత తిరిగేదో.

ఆ మలుపు ఎందుకు కావాలి? పది పిన్నులు త్రికోణంలో నిలబడి ఉంటాయి. ముందు ఒకటి, వెనక రెండు, దాని వెనక మూడు, ఆఖర్న నాలుగు. బంతి తిన్నగా వచ్చి మొదటి పిన్నును నడినెత్తిన కొట్టిందనుకోండి. మధ్యలోవి పడతాయి. చాలాసార్లు రెండు పక్కలా కొన్ని విడివిడిగా నిలబడిపోతాయి. వాటిని కలిపి పడగొట్టడం మహా కష్టం. అదే బంతి పక్క నుంచి ఏటవాలుగా, మొదటి పిన్నుకూ దాని పక్క పిన్నుకూ మధ్య సందులోకి దూరిందా, పదీ పడతాయి. తమాషా ఏమిటంటే, అలా చక్కగా పడ్డప్పుడు బంతి తాకేది నాలుగు పిన్నులనే. మిగతా ఆరింటినీ పిన్నులే పడగొడతాయి. ఒకటి ఇంకొకదాన్ని, అది మరొకదాన్ని. బంతి దారి చూపిస్తుంది, పని పిన్నులు చేసుకుంటాయి.

ఆ ఏటవాలు రావాలంటే బంతి బాగా తిరగాలి. బొటనవేలు లేకపోతే చెయ్యి ఆఖరి దాకా బంతి కిందే ఉంటుంది. కింద నుంచి రెండు వేళ్ళతో మెలితిప్పి వదలొచ్చు. ఒక్క చేత్తో వేసే మంచి ఆటగాడి బంతి నిమిషానికి 300, 400 చుట్ల వేగంతో తిరుగుతుంది. రెండు చేతుల వాళ్ళది 500 దాటడం మామూలు. ఎక్కువ తిప్పు, ఎక్కువ మలుపు, ఎక్కువ పిన్నులు. రెండో చెయ్యి చేసే మేలు ఇదే. బలం కన్నా తిప్పు ఎక్కువ ఇస్తుంది.

ఇంత లాభం ఉందని ఎవరూ లెక్క కట్టి కనిపెట్టలేదు. ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి. ఏ శాస్త్రవేత్తా కాగితం మీద గీసి చూపించలేదు. చిన్నపిల్లవాడికి బలం చాల్లేదు, రెండో చెయ్యి వేశాడు. అంతే. ఆస్ట్రేలియాలో బెల్మాంటే అలా వేస్తున్న రోజుల్లోనే, ఎక్కడో ఫిన్లాండులో ఓస్కు పాలెర్మా అనే ఇంకో కుర్రాడు కూడా రెండు చేతులతో వేస్తూ ఎదిగాడు. అతనూ 1983లోనే పుట్టాడు. రెండు దేశాలు, మధ్యలో సగం భూగోళం. ఇద్దరు పిల్లలకూ ఒకటే ఇబ్బంది, ఒకటే ఉపాయం.

మన ఇళ్ళల్లో బావి నుంచి నీళ్ళు తోడే చిన్నపిల్లను ఎప్పుడైనా చూశారా? బావులెక్కడున్నాయి లెండి, బోర్లే ఎండిపోతుంటే. ఉన్న రోజుల్లో చూసినవాళ్ళు గుర్తు చేసుకోండి. చేద బరువెక్కగానే ఆ పిల్ల చేంతాడును రెండు చేతులతో పట్టి, ఒళ్ళంతా వెనక్కి వాల్చి లాగేది. ఎవరూ నేర్పలేదు. బరువే నేర్పింది.

బెల్మాంటే అమెరికా టోర్నీలకు వచ్చిన కొత్తలో నవ్వినవాళ్ళున్నారు. చూడ్డానికి అసహ్యంగా ఉందన్నవాళ్ళున్నారు. ఏకంగా మోసం అన్నవాళ్ళూ ఉన్నారు. మోసం ఎలా అవుతుంది? ఆట నియమాల్లో ఎన్ని చేతులు వాడాలో రాసి లేదు. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరూ రాయలేదు. తోటి ఆటగాళ్ళ విసుగును నేను కొంత అర్థం చేసుకోగలను. ఇరవై ఏళ్ళు ఒక్క చేత్తో సాధన చేసి మణికట్టు అరగదీసుకున్నవాడి ముందుకు, పసిపిల్లవాడిలా బంతి పట్టుకుని ఒకడొచ్చి గెలిచిపోతే ఎలా ఉంటుంది? 2009లో బెల్మాంటే అక్కడ తొలి టైటిల్ గెలిచాడు. ఆ సీజన్‌లో ఉత్తమ కొత్త ఆటగాడిగా ఎంపికయ్యాడు. తర్వాత మాటలు తగ్గాయి. 2016లో ఆంథొనీ సైమన్సన్ అనే అమెరికా కుర్రాడు 19 ఏళ్ళకే ఒక మేజర్ గెలిచాడు. అంత చిన్న వయసులో గెలిచినవాడు అంతకు ముందు లేడు. అతనిదీ రెండు చేతుల పద్ధతే. స్వీడన్ నుంచి యెస్పర్ స్వెన్సన్ వచ్చాడు. అతనిదీ అదే. ఇప్పుడు మొదటి రోజు నుంచే పిల్లలకు ఇలా నేర్పే కోచ్‌లున్నారు. అప్పుడు తప్పు, ఇప్పుడు పాఠం.

ఇక మన ఊరికి వద్దాం.

1969లో విన్సెంట్ ఫెర్రర్ అనే స్పెయిన్ దేశస్థుడు అనంతపురం వచ్చారు. మన దగ్గర ఆయన్ను పేరు పెట్టి చెప్పేవాళ్ళు తక్కువ. ఫాదర్ అంటే చాలు. ఆయన, అన్నే ఫెర్రర్ గారు కలిసి నడిపిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, మన నోట ఆర్‌డీటీ, పల్లెల్లో ఏం చేసిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఇళ్ళు, బడులు, బత్తలపల్లి ఆసుపత్రి, వీటితో పాటు ఆట మైదానాలు కూడా. 2024లో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచులు మన ఊళ్ళో జరిగింది ఆర్‌డీటీ మైదానంలోనే. ఫాదర్ 2009లో కన్నుమూశారు. మరుసటి ఏడాది, 2010లో, ఇంకో స్పెయిన్ మనిషి మన ఊరు వచ్చాడు. రఫెల్ నాదల్. అప్పటికి టెన్నిస్‌లో ప్రపంచ నంబర్ వన్. తన ఫౌండేషన్ తరఫున ఇక్కడ ఒక టెన్నిస్ బడి తెరిచాడు. నాదల్ ఎడ్యుకేషనల్ టెన్నిస్ స్కూల్. పల్లెల నుంచి, పేద ఇళ్ళ నుంచి వచ్చే పిల్లలకు అక్కడ టెన్నిస్ నేర్పుతారు. టెన్నిస్‌తో పాటు ఇంగ్లీషు, కంప్యూటరు కూడా నేర్పుతారు.

నేను చెప్పిన చిరునామా ఇదే. ఎందుకంటే బౌలింగ్‌లో ఇప్పుడు జరుగుతున్నది టెన్నిస్‌లో ఎప్పుడో జరిగింది.

టెన్నిస్‌లో కుడిచేతి ఆటగాడికి బంతి ఎడమ వైపు వస్తే చెయ్యి ఒంటికి అడ్డంగా తెచ్చి కొట్టాలి. దాన్ని బ్యాక్‌హ్యాండ్ అంటారు. ఒకప్పుడు దాన్ని ఒక్క చేత్తోనే కొట్టేవారు. 1930లలో ఆస్ట్రేలియాలో వివియన్ మెక్‌గ్రాత్ అనే కుర్రాడు రెండు చేతులతో కొట్టాడు. జనం వింతగా చూశారు. 1937లో ఆస్ట్రేలియా చాంపియన్ కూడా అయ్యాడు. అయినా అది అతని సొంత వింతగానే మిగిలింది. మూడు నాలుగు దశాబ్దాలు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

తర్వాత అమెరికాలో క్రిస్ ఎవర్ట్ అనే చిన్నపిల్ల వచ్చింది. వాళ్ళ నాన్న జిమ్మీ ఎవర్ట్ స్వయానా టెన్నిస్ కోచ్. కూతురికి ఆయన రెండు చేతుల పద్ధతి నేర్పలేదు. ఆ పిల్లకే రాకెట్ బరువై రెండో చెయ్యి వేసింది. పెద్దయ్యాక మారుతుందిలే అని ఆయన ఊరుకున్నారు. గమనించండి, ఊరుకున్నారు. ఆమె మారలేదు. 18 గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిళ్ళు గెలిచింది. 1974లో వింబుల్డన్ మహిళల విజేత ఎవర్ట్, పురుషుల విజేత జిమ్మీ కానర్స్. అదే ఏడాది ఫ్రెంచ్ ఓపెన్‌లో బ్యోర్న్ బోర్గ్. ముగ్గురిదీ రెండు చేతుల బ్యాక్‌హ్యాండే. ఆ ఏడాదితో వింత కాస్తా ఫ్యాషన్ అయిపోయింది. మన హైదరాబాదు సానియా మీర్జాది కూడా రెండు చేతుల బ్యాక్‌హ్యాండే. కాకపోతే జనం ఆమె ఫోర్‌హ్యాండ్ గురించే, అంటే రాకెట్ పట్టిన చేతి వైపు కొట్టే దెబ్బ గురించే, ఎక్కువ చెప్పుకున్నారు. ఇక 2024 ఫిబ్రవరిలో ఏమైందంటే, పురుషుల ర్యాంకింగుల్లో మొదటి పది మందిలో ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్ ఆడేవాడు ఒక్కడూ లేకుండా పోయాడు. 1973లో ర్యాంకింగులు పెట్టాక అలా జరగడం అదే మొదటిసారి.

మన అనంతపురం పిల్లలకు ఈ గొడవలేవీ తెలియవు. తెలియాల్సిన పనీ లేదు. వాళ్ళకు రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్ అంటే మామూలు బ్యాక్‌హ్యాండ్. పైగా మన పిల్లలకు ఒక సౌకర్యం ఉంది. రాకెట్ కన్నా ముందు క్రికెట్ బ్యాటు పట్టి ఉంటారు. బ్యాటుకు ఎలాగూ రెండు చేతులు కావాలి. కుడిచేతి పిల్లవాడు రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్ కొట్టేటప్పుడు చూడండి. కుడిచెయ్యి పిడి కొసన, ఎడమచెయ్యి దాని పైన. అచ్చం ఎడమచేతి బ్యాట్స్‌మన్ పట్టు. బౌన్సయి భుజాల దాకా లేచిన బంతిని చిన్నపిల్లలు ఒక్క చేత్తో కొట్టబోతే రాకెట్ వెనక్కి పోతుంది. రెండో చెయ్యి వేస్తే నిలుస్తుంది.

అయితే రెండు చేతులే ఎప్పుడూ మేలని నేను అనను. దానికి నాదలే సాక్ష్యం. ఆయన చిన్నప్పుడు రెండు వైపులా, అంటే ఫోర్‌హ్యాండ్ కూడా, రెండు చేతులతోనే కొట్టేవాడు. కోచ్‌గా ఉన్నది నాన్న సోదరుడు టోనీ. ఫోర్‌హ్యాండ్ నుంచి ఒక చెయ్యి తీసెయ్యమన్నది ఆయనే. నిజానికి రెండో చెయ్యి ఉంటే చాచినంత దూరం అందదు. దూరంగా వెళ్ళే బంతికి ఒక్క చెయ్యే పొడవు. బౌలింగ్‌లో ఆ ఇబ్బంది లేదు. బంతి మన చేతిలోనే ఉంటుంది, మన దగ్గరికి పరుగెత్తి రాదు. అందుకే అక్కడ రెండు చేతులు అంతగా కుదిరాయి. టెన్నిస్‌లో ఒక వైపు కుదిరింది, ఇంకో వైపు కుదరలేదు. ఇంకో విశేషం. నాదల్ రాసేది కుడిచేత్తో. టెన్నిస్ ఆడేది ఎడమచేత్తో. కాబట్టి ఆయన బ్యాక్‌హ్యాండ్‌లో సాయానికి వచ్చే రెండో చెయ్యి పుట్టుకతో బలమైన కుడిచెయ్యి. అదృష్టవంతుడు.

చాలామంది పిల్లలకు ఆ రెండో చెయ్యి ఎడమచెయ్యే. మన ఇళ్ళల్లో ఎడమచేతికి అంత మర్యాద లేదు కదా. ఎడమచేత్తో డబ్బు ఇస్తే తీసుకోరు. ఎడమచేత్తో అన్నం కలిపితే పిల్లల వీపు చిట్లుతుంది. బంతి పట్టినా, రాకెట్ పట్టినా, ముందు ఆ చెయ్యి తియ్యి అంటాం. బడిలో పీఈటీ సార్లకూ, ఇంట్లో అమ్మానాన్నలకూ నాది ఒకటే మనవి. పిల్లలు రెండో చెయ్యి వేసినప్పుడు వెంటనే తియ్యించకండి. పద్ధతి తెలియక వేశారనుకోకండి. బరువు ఎక్కువై వేశారు. జిమ్మీ ఎవర్ట్ ఊరుకున్నట్టు కొన్నాళ్ళు ఊరుకోండి. బలం వచ్చాక ఏ చెయ్యి తియ్యాలో, అసలు తియ్యాలో వద్దో, అప్పుడు చూడొచ్చు. టోనీ చూసింది అదే. తీసెయ్యమన్నాడు నిజమే, కానీ ఒక్క వైపే తీయించాడు. రెండో వైపు ముట్టుకోలేదు.

మీ అబ్బాయో అమ్మాయో బెంగళూరులో ఉద్యోగం చేస్తుంటే, ఈసారి వెళ్ళినప్పుడు బౌలింగ్ హాలుకు తీసుకెళ్ళమనండి. ఆట చూసి రావడమే కాదు, ఒక బంతి వేసి రండి. మొదట తేలికపాటి బంతి తీసుకోండి. బంతి మీద అంకె ఉంటుంది, ఆరో ఎనిమిదో. అది పౌండ్ల బరువు. 16 ఉన్నదాని జోలికి వెళ్ళకండి. వాళ్ళిచ్చే బూట్లే వేసుకోండి, అడుగు కొంచెం జారేలా కుట్టి ఉంటాయవి. ముందున్న గీత దాటకండి, దాటితే నూనె మీద మీరే దొర్లుతారు. బొటనవేలు బయట పెట్టి, రెండు వేళ్ళు లోపల పెట్టి, ఎడమచెయ్యి పైన కాచి, నెమ్మదిగా వెనక్కి ఊపి వదలండి. పక్కనున్నవాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి. అయితే బంతి పక్క గాడిలో పడిపోతే మాత్రం ఆ తప్పు మీ రెండు చేతులదీ కాదు, నాదీ కాదు. నూనె మీదికి నెట్టేయండి.